పాత వాల్వు యాంప్లిఫయర్: కరెంటు ఇచ్చే ముందే కండెన్సర్లన్నీ మార్చాలా?

దర్గామిట్ట
అందరికీ నమస్కారం. మా నాన్నది మైకు సెట్టు. బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, తిరునాళ్లకీ, పద్య నాటకాలకీ ఆయన సెట్టే వెళ్లేది. ఆ వాల్వు యాంప్లిఫయర్‌ని ఇప్పుడు అటక మీంచి దించాను. స్పీకర్‌ని నడిపే పవర్ వాల్వులు ఈఎల్34 రెండు, వాటి ముందు చిన్న వాల్వులు ఈసీసీ83 మూడు, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ వాల్వు జీజెడ్34. ట్రాన్స్‌ఫార్మర్ మీద 350-0-350 అని రాసుంది. దానికి కరెంటు తగిలి ఇరవై ఏళ్లు దాటింది. ఒకాయన కండెన్సర్లన్నీ పీకి కొత్తవి వెయ్యమంటాడు. ఇంకొకాయన ఏదీ ముట్టుకోకుండా కరెంటు దారిలో సీరీస్‌గా బల్బు పెట్టి మెల్లగా లేపమంటాడు. ఏది కరెక్టు? నాకు సోల్డరింగ్ వచ్చు, మీటర్ ఉంది.

గొట్టం మైకు
బాబూ, మాది ఒంగోలు. మీసం రాకముందు నుంచీ నాది ఇదే పని. అన్నీ పీకెయ్యడం పాత సామాన్లవాడి పని, మెకానిక్ పని కాదు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టు. ఒక్కసారి వెలిగి మసకబారితే పర్లేదు. అలాగే మండుతుంటే ఎక్కడో షార్టు ఉన్నట్టు. తక్కువ వోల్టేజీ మీద కొన్ని గంటలు ఉంచితే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్‌లో అల్యూమినియం రేకు మీది ఆక్సైడ్ పొర మళ్లీ కట్టుకుంటుంది. స్పీకర్ తగిలించకుండా మాత్రం ఆన్ చెయ్యకు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. అది పోతే మళ్లీ చుట్టేవాళ్లు ఇప్పుడు దొరకరు.

ఓమ్ సూత్రం
పెద్దాయన చెప్పింది సిలికాన్ డయోడ్లున్న సెట్లకు సరిపోతుంది. ఇక్కడున్నది వాల్వు రెక్టిఫయర్. దాని ఫిలమెంట్ వేడెక్కేదాకా కండెన్సర్లకు వోల్టేజీ చేరనే చేరదు. 60 వాట్ల బల్బు పెడితే సెట్టుకి అందేది సగం. ఫిలమెంట్ వేడెక్కీ ఎక్కనట్టు ఉండి, ఎక్కగానే ఒక్కసారిగా వందల వోల్టులు వదులుతుంది. ఇందులో 'మెల్లగా' ఎక్కడుంది?

అసలు ప్రమాదం ఎలక్ట్రోలైటిక్‌లతో కాదు, ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకి డీసీని ఆపి సిగ్నల్‌ని మాత్రం పంపే కాగితం కప్లింగ్ కండెన్సర్లతో. అవి లీకైతే ఈసీసీ83 ప్లేటు మీది వోల్టేజీ కొంత, ఈఎల్34లో కరెంటుని అదుపులో పెట్టే గ్రిడ్ మీదికి జారుతుంది. నెగటివ్‌గా ఉండాల్సిన గ్రిడ్ పాజిటివ్ వైపు పోతుంది. ఈఎల్34 ప్లేటు తట్టుకునేది 25 వాట్లు. 400 వోల్టుల దగ్గర 60 మిల్లీఆంపులకే 24 వాట్లయిపోతాయి. ఇంకాస్త ఎక్కిందా, ప్లేటు ఎర్రగా కాలుతుంది. దాని వెనకే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. పదుల రూపాయల కండెన్సర్ దగ్గర పిసినారితనం చేసి అంత సెట్టునీ తగలబెట్టుకోవాలా? ముందు అన్నీ మార్చండి, తర్వాత స్విచ్చి వెయ్యండి.

కనిగిరి కుర్రోడు
ఫిలమెంట్ బల్బులు మా ఊళ్లో దొరకట్లేదన్నా. 9 వాట్ల ఎల్ఈడీ పెట్టుకోవచ్చా?

గొట్టం మైకు
కూడదు. ఫిలమెంట్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. అది కాపలా కాసేది అందుకే. ఎల్ఈడీకి ఆ గుణం లేదు.

ఉలవపాడు మామిడి
60 ఎందుకండీ? 100 పెట్టాలి.

ఓమ్ సూత్రం
రెండు ఈఎల్34 హీటర్లకే 19 వాట్లు కావాలి. 6.3 వోల్టుల దగ్గర ఒక్కోటి 1.5 ఆంపులు తీసుకుంటుంది. ఈసీసీ83లు మూడూ కలిపి 6 దాకా, రెక్టిఫయర్‌కి 9.5. హెచ్‌టీ (ప్లేట్లకిచ్చే హై వోల్టేజీ) కూడా కలిపితే 80 దాకా వస్తుంది. అన్ని వాల్వులూ పెట్టి ఆన్ చేస్తే 60 బల్బు చాలదు.

ఉలవపాడు మామిడి
నేను చెప్పిందీ అదే కదా. 100.

కనిగిరి కుర్రోడు
100 అయితే 60 కన్నా ఎక్కువ కరెంటు వదులుతుంది కదా. ఇంక కాపలా ఏం కాస్తుంది?

పెన్నా గట్టు
బల్బు సంగతి కాసేపు పక్కన పెట్టండయ్యా. ఆ వాల్వులో ప్లేటునీ గ్రిడ్‌నీ పట్టుకుని ఉండే పల్చటి బిళ్ల మైకాదే. మన గూడూరు గనుల మైకా ఒకప్పుడు విదేశాలకు పోయింది. ఏ దేశం వాల్వు అయితేనేం, అందులో మన మట్టి ఉండొచ్చని మా తాత అనేవాడు.

కనిగిరి కుర్రోడు
అన్నా, బల్బు.

గొట్టం మైకు
ఓమ్ సూత్రం గారూ, వాల్వు రెక్టిఫయర్ సంగతి తెలియక చెప్పలేదు. లేపేటప్పుడు రెక్టిఫయర్ పీకి, పాత ఆక్టల్ (ఎనిమిది పిన్నుల) బేస్‌లో డయోడ్లు అతికించిన ప్లగ్గు పెడతాను. అప్పుడు సున్నా నుంచి మెల్లగానే ఎక్కుతుంది.

ఓమ్ సూత్రం
1ఎన్4007 డయోడ్లేనా? 350కి పీక్ వోల్టేజీ 495. ట్రాన్స్‌ఫార్మర్‌కి సెంటర్ ట్యాప్ (చుట్ట మధ్యలోంచి తీసిన తీగ) కాబట్టి డయోడ్ మీద రివర్స్‌లో పడేది దానికి రెట్టింపు, 990. డయోడ్ తట్టుకునేది 1000. మా వీధిలో రాత్రి లైను 250 చూపిస్తుంది. ఒక్కో పక్క ఒక్కటి పెడితే ఢాం.

గొట్టం మైకు
రెండేసి ఉన్నాయి. నా ప్లగ్గు చూడకుండానే ఒక్కటే పెట్టి ఉంటాడని ఎలా అనుకున్నావు?

దర్గామిట్ట
అన్నలూ, మార్చకుండా కప్లింగ్ కండెన్సర్ లీకు తెలుసుకునే దారి లేదా?

ఓమ్ సూత్రం
ఉంది. ఈఎల్34లు రెండూ తీసేసి, మిగతావి ఉంచి ఆన్ చెయ్యండి. ఈఎల్34 సాకెట్ ఐదో పిన్ను గ్రిడ్. బయాస్ (గ్రిడ్‌ని నెగటివ్‌గా ఉంచే వోల్టేజీ) కేథోడ్ రెసిస్టర్‌తో వచ్చే సెట్టయితే అక్కడ సున్నా ఉండాలి. పాజిటివ్‌గా నాలుగైదు వోల్టులు కనబడితే ఆ కండెన్సర్ పోయినట్టే.

గొట్టం మైకు
చూశావా! పుస్తకం చదివి చెప్పేవాళ్లతో వచ్చే తంటా ఇదే. ఈఎల్34లు పీకితే లోడు పోయి హెచ్‌టీ 490 దాకా లేస్తుంది. ఆ డబ్బా కండెన్సర్ల మీద 450 అనే ఉంటుంది. ఇన్నేళ్లు పడుకున్నదానికి లేవగానే 490 తగిలిస్తే పగిలి మొహాన కొడుతుంది. తమ్ముడూ, అలా చెయ్యకు.

ఓమ్ సూత్రం
అందుకే కదా ముందు మార్చమన్నది!

గొట్టం మైకు
మార్చమన్నది అందుకు కాదు. ఇప్పుడు నేను చెప్పాక అందుకంటున్నావు.

ఓమ్ సూత్రం
సరే, సూటిగానే మాట్లాడుకుందాం. ముట్టుకోవద్దని మీరెందుకంటున్నారో నాకు తెలుసు. ఇంట్లో జనం కండెన్సర్ మార్చడం నేర్చుకుంటే షాపుకి ఎవరొస్తారు? మా మామయ్య తన గ్రామఫోన్ యాంప్లిఫయర్‌ని ఒక షాపులో ఇచ్చాడు. ఇచ్చినప్పుడు అందులో ఉన్నవి బెంగళూరులో బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు చేసిన వాల్వులు. తిరిగొచ్చినప్పుడు ముద్ర కూడా లేని వాల్వులు. అడిగితే "పాడుతోంది కదా, ఇంకేం కావాలి" అన్నాడు. పని చేసేటప్పుడు చూస్తామంటే లోపలికి రానివ్వడు. ఎంతసేపూ ఆ తెర వెనకే. నేను సోల్డరింగ్ నేర్చుకున్నది సరదాకి కాదు, ఆ తెర వల్ల.

ఉలవపాడు మామిడి
పాయింటే.

గొట్టం మైకు
దొంగ దొరికితే వాణ్ని పట్టుకో. నన్నెందుకు అంటావు?

నా సంగతీ విను. ఈ మధ్య ఒకాయన ఇలాంటి చర్చలే చదివి కండెన్సర్లన్నీ తనే మార్చి, పాడక నా దగ్గరికి తెచ్చాడు. ఒకటి తిరగేసి అతికించాడు. రెక్టిఫయర్ తర్వాత మొదటి కండెన్సర్ 16 ఉండాల్సిన చోట 220 మైక్రోఫారడ్ పెట్టాడు. పెద్దదైతే హమ్ (స్పీకర్‌లో గుయ్యిమనే మోత) పోతుందని ఎవరో చెప్పారట. జీజెడ్34కి అక్కడ 60 దాటకూడదు. ఆన్ చెయ్యగానే రెక్టిఫయర్‌లో మెరుపులు. ఏ తీగ ఎక్కడిదో ఆయనకే గుర్తు లేదు. మొదటి నుంచీ వెతుక్కుంటూ రోజుల తరబడి కూర్చున్నాను. చివరికి "పార్టులు నేనే కొన్నాను కదా, మీకేం ఇవ్వాలి" అన్నాడు. సీసం డబ్బులిచ్చి పోయాడు.

ముట్టుకోవద్దని ఎందుకంటానో ఇప్పుడు అర్థమైందా? నాకు ఆ కండెన్సర్ల మీదేం ప్రేమ లేదు. తప్పు ఎక్కడుందో వెతకడమే పని. అతకడం ఎంతసేపు? ఆ వెతికినదానికి ఒక్కరూ డబ్బులివ్వరు. అన్నీ మార్చెయ్ అంటే వెతకక్కర్లేదని చెప్పినట్టేగా.

పెన్నా గట్టు
రామనవమి పందిళ్లలో రాత్రంతా యాంప్లిఫయర్ పక్కనే కూర్చుని నిద్ర కాచిన మెకానిక్‌లను చూశాను. పెద్దాయన అన్నది అబద్ధం కాదు. ఆ తెర మాట కూడా అబద్ధం కాదు.

ఓమ్ సూత్రం
వెతికినదానికి డబ్బులివ్వాల్సిందే, కాదనను. వెతికేటప్పుడు చూడనిస్తే ఇంకా సంతోషంగా ఇస్తాం.

దర్గామిట్ట
మీరు ఈ గొడవలో ఉండగా పక్కింటి పాలిటెక్నిక్ సార్ దగ్గర వేరియాక్ (వోల్టేజీని తగ్గించి పెంచే ట్రాన్స్‌ఫార్మర్) తెచ్చుకున్నాను. ఇద్దరి మాటా కలిపి చేశాను. ఈఎల్34లు తీసి, వేరియాక్ 150 వోల్టుల దగ్గర ఆపితే హెచ్‌టీ 300 దాటలేదు. ఒక సాకెట్ ఐదో పిన్ను దగ్గర 0.1. రెండోదాని దగ్గర 11 వోల్టులు. ఆపాక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో కండెన్సర్లు ఖాళీ చేసి, మీటర్ సున్నా చూపించాకే చెయ్యి పెట్టాను. సాకెట్ పిన్నులు ఉప్పు గాలికి పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి.

గొట్టం మైకు
భేష్. 11 అంటే ఆ కప్లింగ్ కండెన్సర్ పోయింది. జతది కూడా తీసెయ్. పిన్నులు శుభ్రం చేసి బిగించు. గ్రిడ్ పిన్ను వదులైతే కండెన్సర్ మంచిదైనా ప్లేటు ఎర్రబడుతుంది. తర్వాత పాట పెట్టకుండా వింటే లావు గొంతుతో హమ్ వస్తుందేమో చూడు. 100 హెర్ట్జ్ అయితే ఫిల్టర్ డబ్బాలు ఎండిపోయినట్టు. 50 అయితే హీటర్ వైర్లో ఎర్తో చూసుకోవాలి. డబ్బాలు పోయుంటే వాటి కనెక్షన్లు ఊడదీసి, పైన అందానికి అలాగే ఉంచి, ఛాసిస్ కింద కొత్తవి వెయ్యి.

ఓమ్ సూత్రం
అంటే మార్చమనేగా! నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే.

గొట్టం మైకు
నువ్వు చెప్పింది అన్నీ. నేను చెప్పేది కొలిచి చూసినవి.

దర్గామిట్ట
మిగతాది మీ దగ్గరికే తెస్తాను సార్. ఎంతవుతుందో ముందే చెప్పండి.

గొట్టం మైకు
రోజుకి 1,200. పార్టులు నువ్వు తెచ్చుకున్నా, నేను తెచ్చినా రోజు కూలి రోజు కూలే. వచ్చేముందు ప్రతి వాల్వు బేస్ మీదా, ట్రాన్స్‌ఫార్మర్ మీదా నీ గుర్తు పెట్టుకుని రా. స్టూలు వేస్తాను, పక్కనే కూర్చుని చూడు. నా షాపులో తెర లేదు.

ఓమ్ సూత్రం
ఇంకో స్టూలు ఉందా?

గొట్టం మైకు
ఉంది. ప్రశ్నలకు రేటు వేరే.

ఓమ్ సూత్రం
వస్తాను. గుర్తు పెట్టుకోమన్న మాట బాగుంది. కండెన్సర్ల విషయంలో మాత్రం మీ మాట ఇప్పటికీ ఒప్పుకోను.