మెదక్ చర్చికి సాయంత్రం వెళ్తే బాగుంటుందా?

గిరి_కూకట్‌పల్లి:
ఈ ఆదివారం మా మామయ్యగారిని మెదక్ తీసుకెళ్తున్నా. "వాటికన్ తర్వాత ప్రపంచంలో ఇదే పెద్దది" అని ఎవరో వాట్సాప్‌లో పంపినప్పటి నుంచి ఆయనకు ఒకటే ఆత్రం. ఎండ తగ్గాక, ఆరింటికి చేరితే సరిపోతుందా? ఆ వాటికన్ మాట నిజమేనా?

మెదక్_మనవడు:
ఆరింటికి అస్సలు వద్దన్నా. చిన్నప్పుడు క్రిస్మస్‌కు చీకటి పడ్డాక గుడికి వెళ్లి, రంగు అద్దాల కిటికీలు చూపించమని నాయనమ్మ కొంగు లాగాను. చూస్తే నల్ల పలకల్లా ఉన్నాయి. "పండుకున్నయ్‌రా, పొద్దున లేస్తయ్" అంది. వాటికి వెలుగు బయటి నుంచే రావాలి. లోపల ఎన్ని లైట్లు వేసినా లాభం లేదు. పగలు చూడండి, ముక్కకూ ముక్కకూ మధ్య సీసం గీతలు కూడా తెలుస్తాయి. బలిపీఠం వెనక కిటికీలో ఉన్నది ఆరోహణం, అంటే ఏసు పరలోకానికి వెళ్లే బొమ్మ, 1927లో పెట్టారు. ఏసు జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. మూడూ ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసినవే. నాకైతే ఆరోహణమే ఇష్టం.

ఇక వాటికన్ సంగతి. అది నిజం కాదు. అక్కడి సెయింట్ పీటర్స్ చర్చి పొడవు 600 అడుగుల పైనే, మనది 200. పైగా మనది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), పోప్‌తో సంబంధమే లేదు! 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేసినప్పుడు ఇది మెథడిస్టు మిషన్ వాళ్ల గుడి. 1947లో సీఎస్ఐ ఏర్పడ్డాకే మెదక్ అధ్యక్ష మండలానికి, అంటే బిషప్ కింద ఉండే ప్రాంతానికి, కెథడ్రల్ (ప్రధాన గుడి) అయింది.

ఇంకోటి, ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది. మధ్యలో ఫోన్ పట్టుకుని తిరిగితే బాగుండదు. శనివారం పెట్టుకోండి.

రామాయంపేట_రాణి:
అద్దాలే చెప్పి కట్టినోళ్లను వదిలేస్తే ఎట్లా తమ్ముడూ? కరువులో ఊరికే గంజి పోయకుండా పని ఇచ్చి తిండి పెట్టాడు ఈ గుడి కట్టించిన మిషనరీ పాస్నెట్ దొర. మా ముత్తాత అక్కడ సున్నం మోశాడంట. పనికి పదేళ్లు పట్టింది. కింద పరిచిన రంగు పలకలు మాత్రం ఇంగ్లండు నుంచి తెప్పించారు. చెప్పులు విప్పి నడవండి, ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి.

గిరి_కూకట్‌పల్లి:
థ్యాంక్సండీ ఇద్దరికీ. వాటికన్ సంగతి చెప్తే మామయ్యగారి మొహం వాడిపోయింది. "గంట గోపురం 175 అడుగులన్నారు, అదీ అబద్ధమేనా?" అన్నారు. అది నిజమే అన్నాను. శనివారం పొద్దున ఏడింటికల్లా రెడీగా ఉండమని నాకే ఆర్డరేశారు.