పాత రోపర్లా, కొత్త రోపర్లా? 3.3 సెకన్లలో చేతి గొప్ప ఎంత, అరీనా గొప్ప ఎంత?

పలుపుతాడు:
టీమ్ రోపింగ్ అంటే ఇద్దరు గుర్రాల మీంచి తాళ్లు విసిరి ఒక స్టీర్‌ను (కుర్ర ఎద్దును) పట్టడం: హెడర్ కొమ్ములకు, హీలర్ వెనక కాళ్లకు. అమెరికాలో 1994 నేషనల్ ఫైనల్స్ రోడియోలో జేక్ బార్న్స్, క్లే ఓబ్రయన్ కూపర్ జోడీ పది స్టీర్లకు పదీ పట్టింది. మొత్తం 59.1 సెకన్లు, అంటే ఒక్కోదానికి ఆరు లోపే. 2009లో అదే లాస్ వేగాస్ అరీనాలో చాడ్ మాస్టర్స్, జేడ్ కార్కిల్ ఒకదాన్ని 3.3లో ముగించారు. ఇప్పటివాళ్ల చేతి వేగమే పెరిగిందా, లేక తాడూ గుర్రమూ కలిసొచ్చాయా? నా ఓటు రెండోదానికి.

డెంటన్ మూర్తి:
అరీనాని కూడా కలపండి. 1985లో ఫైనల్స్ ఓక్లహోమా సిటీ నుంచి వేగాస్‌కు వచ్చాక పరుగు పెరిగింది. అక్కడ స్థలం ఇరుకు, బారియర్ (రోపర్ గుర్రం ముందు అడ్డంగా కట్టే తాడు) విడిపోయేలోపు పశువుకిచ్చే ముందంజ తక్కువ. పైగా ప్రతి రౌండుకూ విడిగా డబ్బు. జాగ్రత్తగా పట్టినవాడికి ఆ రాత్రి చెక్కు రాదు, అందుకే దూరం నుంచే లూప్ (తాడు ఉచ్చు) విసిరేస్తారు. అదే జోడీని షయెన్ రోడియోకు పంపండి, స్టీర్ పూర్తి వేగం అందుకున్నాక వెంటాడాలి. పెండిల్టన్ రోడియోలో అయితే పచ్చిక మీద రోపింగ్, అక్కడ తొందరపడితే గుర్రం జారుతుంది.

హీలుపక్క:
మూర్తి గారూ, టైమ్ తగ్గింది వేగాస్ వల్లే అనుకుందాం. పద్ధతి మాత్రం అంతకుముందే మారిపోయింది. పాత హీలర్ ఏం చేసేవాడు? హెడర్ స్టీర్‌ను ఎడమకు తిప్పి, అది తాడు వెంట ఒక తీరున నడిచేదాకా ఆగి, అప్పుడు వెనక కాళ్లకు వేసేవాడు. కాలిఫోర్నియా లియో కమరిల్లో ఆ ఆగడాన్ని తీసేశాడు. మలుపులోనే గుర్రాన్ని లోపలికి తెచ్చి, మొదటి గెంతుల్లోనే లూప్ వదిలాడు. ఈనాటి హీలర్లంతా ఆ బాటలోనే ఉన్నారు.

అది చేతి పనే, అరీనా పని కాదు. స్టీర్ దిశ మారకముందే వదిలితే క్రాస్‌ఫైర్, టైమే ఇవ్వరు. పాదాలు నేల వదిలి ముందుకొచ్చే వేళకు లూప్ అడుగుభాగం తెరుచుకుని వాటి ముందు నిలబడి ఉండాలి. కాస్త ఆలస్యమైతే ఒక్క కాలే పడుతుంది, 5 సెకన్లు జరిమానా. ఇంకో పక్క హెడర్ బారియర్ తెంపితే 10.

పలుపుతాడు:
తాడు సంగతి దాటేశారు. మనీలా నార తాడు చెమ్మ తగిలితే బిగుసుకునేది. ఇప్పుడు నైలాన్, పాలీ కలిపిన తాళ్లు, అందులోనూ మెత్తదనాన్ని బట్టి రకాలు. హెడర్‌కు మెత్తనిది 30 అడుగుల పైచిలుకు, హీలర్‌కు గట్టిది 35 దాకా. ఎండకు నైలాన్ మెత్తబడితే డబ్బాలోంచి ఇంకోటి తీస్తారు. పాతవాళ్లకు ఆ సుఖమెక్కడిది?

హీలుపక్క:
తాడు ఏదైనా డాలీ, అంటే జీను ముందుండే హార్న్‌కు తాడు చుట్టడం, ఒకటే అన్నా. హార్న్‌కు చుట్టేటప్పుడు బొటనవేలు పైకి ఉండాలి. తాడుకీ హార్న్‌కీ మధ్య ఇరుక్కుంటే వేలు పోతుంది. ఏడు టైటిళ్లు గెలిచిన బార్న్స్‌కే 2005 ఫైనల్స్‌లో బొటనవేలు తెగింది.

రెండుచుట్లు:
ఒక్క టీమ్ రోపింగ్ చూసి తీర్పు చెప్పేస్తున్నారు. టై-డౌన్ చూడండి, ఒక్కడే దూడకు తాడేసి పట్టి కాళ్లు కట్టే పోటీ. పాతవాళ్లు గుర్రానికి ఎడమ పక్క దిగి, తాడు కింద నుంచి దూరి, దూడ ముందు కాలు పట్టి పడేసేవాళ్లు. ఇప్పుడు దిగేది కుడి పక్కే, తాడు వెంటే పరుగు, డొక్క పట్టి ఎత్తి పడేస్తారు. 1976లో రాయ్ కూపర్ కొత్తగా వచ్చిన ఏడాదే టైటిల్ కొట్టాక అందరికీ ఆ వేగం అందుకోవాల్సి వచ్చింది.

ఎత్తి పడేయడంలో చిక్కు: దూడ 100 నుంచి 125 కిలోల మధ్య ఉంటుంది, చెయ్యి పడేసరికి అది నిలబడి ఉండాలి. తాడు కుదుపుకే కూలిపోయి ఉంటే లేపి మళ్లీ పడేయాలి, టైమ్ అక్కడే పోతుంది. అందుకే ఆగిన గుర్రం తాడును బిగువుగా ఉంచాలే తప్ప ఈడ్చకూడదు. కట్టడం మారలేదు: మూడు కాళ్లు, రెండు చుట్లు, ఒక ముడి. గుర్రమెక్కి తాడు వదులు చేశాక 6 సెకన్లు కట్టు ఆగాలి.

డెంటన్ మూర్తి:
అయితే దూడను పట్టే పని మారింది, కట్టే పని మారలేదంటారు. ఒప్పుకుంటా.

రెండుచుట్లు:
అవును సార్. దూడకు తాడేస్తే చాలనే బ్రేక్‌అవే పోటీలో కట్టే పనే లేదు. హార్న్‌కు సన్న దారంతో తాడు కట్టి, దూడ లాగితే అది తెగగానే టైమ్ ఆగుతుంది. 2020లో మొదటిసారి ఈ పోటీలో ఆడవాళ్లకు నేషనల్ ఫైనల్స్ పెట్టారు. అక్కడ గెలిచే టైమ్‌లు రెండు సెకన్ల చుట్టూ తిరుగుతాయి, కాబట్టి అంతా మొదటి విసురులోనే.

హీలుపక్క:
సాధన కూడా చెప్పుకోవాలి. అప్పుడు పశువులు అలిసిపోతే ఆ రోజుకి అంతే. ఇప్పుడు ప్లాస్టిక్ బొమ్మ, బండి వెనక కాళ్లాడించే యంత్ర స్టీర్, ఫోన్‌లో స్లోమోషన్. చెయ్యి అలిసేదాకా విసరొచ్చు. 1990లో యూఎస్‌టీఆర్‌సీ అనే టీమ్ రోపింగ్ సంస్థ రోపర్ సత్తాను బట్టి నంబర్ ఇవ్వడం మొదలెట్టాక, మామూలు ఉద్యోగస్తుడు కూడా తన స్థాయివాళ్లతో డబ్బుకు పోటీ పడుతున్నాడు.

డెంటన్ మూర్తి:
యంత్ర స్టీర్‌తోనే వచ్చింది తంటా. అది ఒకే తీరున గెంతుతుంది, తల దించదు, హఠాత్తుగా పక్కకి తప్పుకోదు. నిజం స్టీర్ విసురు వేళకు తల కిందికి వేస్తే కుర్ర హెడర్ లూప్ కొమ్ముల మీంచే జారిపోతుంది. పాతవాడైతే ఒక చుట్టు ఎక్కువ తిప్పి, తల లేచాక వేస్తాడు. టైమ్ ఐదున్నర వస్తుంది, కానీ వస్తుంది.