రాంగ్లర్‌లో ఏ ట్రిమ్ తీసుకోవాలి? స్పోర్ట్ ఎస్, విలీస్, సహారా, రూబికాన్ మధ్య తేల్చుకోలేకపోతున్నాం

డెన్వర్ కొత్త:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే డెన్వర్ వచ్చాం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. ఆఫీసుకి ట్రైన్‌లో వెళ్తాను కాబట్టి మామూలు రోజుల్లో బండి పెద్దగా తిరగదు. శని, ఆదివారాలు కొండల్లోకి వెళ్లాలని కోరిక. వచ్చే వేసవిలో యూరే, సిల్వర్టన్ వైపు మట్టి దారులు చూడాలని ఉంది. నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ అని ఇద్దరం ఒప్పుకున్నాం, కానీ ట్రిమ్ (ఒకే బండిలో ధర, సామగ్రిని బట్టి ఉండే రకం) దగ్గర ఆగిపోయాం. షోరూంలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. రూబికాన్ కోసం అంత ఎక్కువ పెట్టడం అవసరమా? క్రెడిట్ హిస్టరీ ఇంకా కొత్తది. మంచులో నడిపిన అనుభవం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గ్రాండ్ జంక్షన్:
తమ్ముడూ, ట్రిమ్ పేర్లు పక్కన పెట్టి ఒక ప్రశ్న వేసుకో. ఈ బండిలో తర్వాత మార్చుకోగలిగేవి ఏవి, మార్చుకోలేనివి ఏవి? టైర్లు, లైట్లు, సీటు కవర్లు, స్పీకర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే గేరు పెట్టె), యాక్సిల్స్ (చక్రాల ఇరుసులు), లాకర్లు (ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనీ కలిపి తిప్పేవి) తర్వాత వేయించాలంటే ట్రిమ్‌ల మధ్య తేడా కంటే ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే నా ఓటు రూబికాన్‌కి.

నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడపడానికి ఉండే గేరు లో రేంజ్. మిగతా ట్రిమ్‌లలో దాని నిష్పత్తి 2.72:1. రూబికాన్‌లో 4:1. ఎక్కేటప్పుడే ఉపయోగం అనుకుంటారు అందరూ. అసలు లాభం దిగేటప్పుడు. నిటారుగా రాళ్ల మీద దిగుతుంటే ఫస్ట్ గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద కాలు పెట్టాల్సిన పని తగ్గుతుంది. బ్రేకు వేసిన చక్రం గులకరాళ్ల మీద లాక్ అయి జారితే స్టీరింగ్ మాట వినదు. ఇంజన్ బ్రేకింగ్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి బండి నీ చేతిలో ఉంటుంది.

ఇంకోటి, ముందూ వెనకా రెండింటికీ లాకర్లు. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గాల్లోకి లేస్తే అది ఊరికే తిరుగుతుంది, నేల మీదున్న రెండోది కదలదు. లాకర్ వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి. ముందు స్వే బార్‌ని (బండి పక్కకి ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలని కలిపే కడ్డీ) బటన్‌తో విడదీసే సౌకర్యం కూడా రూబికాన్‌కే వస్తుంది. అప్పుడు చక్రం గుంటలోకి బాగా దిగుతుంది, గాల్లోకి లేవడమే తగ్గుతుంది. ఎత్తు కూడా చూడు. స్పోర్ట్ కింద 9.7 అంగుళాల ఖాళీ, రూబికాన్ కింద 10.8. ఆ ఒక్క అంగుళం దగ్గరే రాయి తగిలేదీ తగలనిదీ తేలుతుంది.

ఆరోరా:
ట్రిమ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఫైనాన్స్ రూం గురించి చెబుతాను, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్లకి ట్రిమ్ అక్కడే నిర్ణయమైపోతుంది.

మేం వచ్చిన కొత్తలో ఒక డీలర్ దగ్గరికి వెళ్లాం. పేరు చెప్పను. మేం అడిగింది కింది ట్రిమ్. సేల్స్ ఆయన ఒక్కసారి కూడా మొత్తం ధర చెప్పలేదు. "నెలకి ఎంత కట్టగలరు?" అన్న ఒక్క ప్రశ్నే. మేం ఒక అంకె చెప్పాం. కాసేపటికి పై ట్రిమ్ కాగితాలు తెచ్చి, నెల కంతు దాదాపు అంతే కదా అన్నాడు. ఎలా అంతే వచ్చిందంటే, లోన్‌ని 84 నెలలకి సాగదీశాడు. మేం గమనించి 60కి తగ్గించమంటే ముఖం మాడ్చుకున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు, సంతకాలు చేశాం, మా పాత కారు వాళ్లకిచ్చి, కొత్త బండి ఇంటికి తెచ్చుకున్నాం. పూజ కూడా చేయించాం.

కొన్ని రోజులయ్యాక ఫోన్. "బ్యాంకు మీ లోన్ ఒప్పుకోలేదు, వచ్చి కొత్త కాగితాల మీద సంతకం చేయండి" అన్నారు. వెళ్తే కొత్త కాగితంలో వడ్డీ ఎక్కువ. వద్దు, మా పాత కారు మాకిచ్చేయండి అంటే, అది అప్పుడే అమ్మేశాం అన్నారు. నా భార్యకి కళ్లనీళ్లు తిరిగాయి. మమ్మల్ని కూర్చోబెట్టి మేనేజర్ వస్తాడు, వస్తాడు అంటూ సాయంత్రం వరకు తిప్పారు. నేను సంతకం చేయలేదు. మొదటి ఒప్పందంలో ఫైనాన్స్ రాకపోతే ఏం జరుగుతుందో రాసిన పేజీ చూపించమన్నాను, అందులో పాత కారు తిరిగివ్వాలనే ఉంది. అది పట్టుకుని గట్టిగా మాట్లాడాక, దాని విలువ డబ్బుగా కట్టి లెక్క తేల్చారు. కానీ ఆ కొన్ని వారాలు మేం పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు. దీన్ని ఇక్కడ స్పాట్ డెలివరీ అంటారు. క్రెడిట్ హిస్టరీ లేనివాళ్ల మీదే ఎక్కువగా జరుగుతుంది.

అందుకని బాబూ, ముందు క్రెడిట్ యూనియన్‌కి (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకు లాంటిది) వెళ్లి లోన్ ఖాయం చేసుకుని, ఆ తర్వాత షోరూంకి వెళ్లు. వీసా గడువు దాటి లోన్ ఇవ్వని బ్యాంకులు కూడా ఉంటాయి, అది ముందే అడుగు. డీలర్‌తో నెల కంతు మాట్లాడకు. పన్నులూ ఫీజులూ కలిపి అవుట్ ద డోర్ ధర ఎంత అని ఒక్కటే అడుగు, అది కాగితం మీద తీసుకో. మూడు రోజుల్లో బండి వెనక్కి ఇచ్చేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మకు. ఆ ఫెడరల్ రూల్ ఇంటికొచ్చి అమ్మేవాళ్ల లాంటివాటికి. డీలర్ షోరూంలో కొన్న కారుకి వర్తించదు.

లిటిల్టన్:
ఆరోరా అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. కానీ గ్రాండ్ జంక్షన్ గారి మాట నేను ఒప్పుకోను. నాలుగేళ్ల పాప ఉన్న ఇంటికి నేరుగా రూబికాన్ అనడం ఎందుకండీ? వాళ్లు వెళ్దామనుకుంటున్న చోట ఆల్పైన్ లూప్ అనే కొండ కనుమల మట్టి దారి ఉంది. ఇంజనీర్ పాస్ 12,800 అడుగులు, సిన్నమన్ పాస్ 12,640. ఎత్తుగా ఉండి లో రేంజ్ ఉన్న ఏ స్టాక్ బండి (ఏమీ మార్పులు చేయనిది) అయినా ఎండాకాలంలో నిదానంగా వెళ్లి రాగలదు. లాకర్ అక్కర్లేదు, ఓపిక కావాలి. టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గిస్తే పట్టూ పెరుగుతుంది, పాపకి కుదుపూ తగ్గుతుంది. తిరిగి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ బండిలో ఉండాలి, అంతే.

ఏడాదిలో ఆ దారులు తెరిచి ఉండేది కొద్ది నెలలే. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఈ కుటుంబం నడిపేది డెన్వర్ నుంచి కొండల్లోకి వెళ్లే ఐ-70 హైవే మీద. అక్కడ రోడ్డు ఒక మలుపులో పొడిగా ఉంటుంది, తర్వాతి మలుపులో మంచు. పార్ట్ టైం ఫోర్ వీల్ డ్రైవ్‌ని (అవసరమైనప్పుడు మాత్రమే నాలుగు చక్రాలకీ శక్తి ఇచ్చేది) పొడి తారు మీద వాడకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరం తిరుగుతాయి. రెండు యాక్సిల్సూ కలిసి బిగుసుకుని ఉంటే గేర్లన్నీ ఒత్తిడికి గురవుతాయి. సహారాలో సెలెక్-ట్రాక్ ఆప్షన్ తీసుకుంటే 4హెచ్ ఆటో (అవసరాన్ని బట్టి తనంతట తానే ముందు చక్రాలకి శక్తి పంపేది) ఉంటుంది, పొడి రోడ్డు మీద కూడా దాన్నే ఉంచేయొచ్చు. మంచుకి కొత్తవాళ్లకి ఇంతకంటే కావాల్సిందేముంది?

గ్రాండ్ జంక్షన్:
లిటిల్టన్ అమ్మా, 4హెచ్ ఆటో మంచిదే, కాదనను. కానీ 2021 నుంచి రూబికాన్‌లో కూడా ఫుల్ టైం ట్రాన్స్‌ఫర్ కేసు ఆప్షన్‌గా ఇచ్చారు, 4:1 అలాగే ఉంచి. అంటే మీరు చెప్పిన సుఖం రూబికాన్‌లోనూ దొరుకుతుంది, రూబికాన్‌లో ఉన్నది సహారాలో దొరకదు. ఆల్పైన్ లూప్‌తో ఎవరూ ఆగరు. ఒకసారి చూసొచ్చాక ఇమోజీన్ పాస్ అంటారు, అది 13,114 అడుగులు. తర్వాత బ్లాక్ బేర్ పాస్. టెలురైడ్ ఊరి పైన ఆ దారిలో మెట్లలా ఉండే రాళ్ల దగ్గర ఇంజన్ బ్రేకింగ్ తక్కువగా ఉన్న బండితో దిగుతున్నవాళ్లని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

లిటిల్టన్:
చిన్నపిల్లతో బ్లాక్ బేర్ ఎవరు వెళ్తారండీ! అది ఒకవైపు దారి, మొదలుపెట్టాక వెనక్కి తిరగడానికి లేదు. వాళ్లు అడగని దారి కోసం బండి కొనిపిస్తున్నారు మీరు.

బౌల్డర్:
మీ ఇద్దరూ ట్రిమ్ గురించి వాదిస్తున్నారు. ఇక్కడ ఎత్తు గురించి ఎవరూ మాట్లాడరేం? డెన్వరే 5,280 అడుగులు. ఐసెన్‌హవర్ టన్నెల్ 11,158. టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే పరికరం) లేని ఇంజన్‌కి ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు మూడు శాతం శక్తి పోతుంది. టన్నెల్ దగ్గరికి వచ్చేసరికి 285 హార్స్‌పవర్ వీ6లో మూడో వంతు మాయం. 2.0 లీటర్ టర్బోకి కాగితం మీద 270 హార్స్‌పవరే కానీ పైకి వెళ్లేకొద్దీ అదే నయం. ఏ ట్రిమ్ తీసుకున్నా ముందు ఇంజన్ ఏదో చూడండి.

అసలు నన్నడిగితే టయోటా 4రన్నర్ చూడమంటాను. రోజూ నడపడానికి సుఖం, హైవే మీద గాలి మోత ఉండదు. టీఆర్డీ ఆఫ్‌రోడ్ ట్రిమ్ తీసుకుంటే వెనక లాకర్ వస్తుంది. జాగ్రత్త, ఎస్ఆర్5, టీఆర్డీ స్పోర్ట్ ట్రిమ్‌లు టూ వీల్ డ్రైవ్‌లో కూడా దొరుకుతాయి. బయట బ్యాడ్జ్ చూసి ఫోర్ వీల్ డ్రైవ్ అనుకుని కొనుక్కున్నవాళ్లు నాకు తెలుసు.

ఆరోరా:
బౌల్డర్ గారూ, ఆయన రాంగ్లర్ అని తేల్చుకున్నాడు కదా, మళ్లీ మొదటికి తీసుకెళ్లకండి. మంచు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. ఐ-70 మీద చలికాలం చెయిన్లు బండిలో ఉండాల్సిందే, లేకపోతే ఫైన్. ఏ ట్రిమ్ అయినా సరే.

బౌల్డర్:
ఆరోరా గారూ, అది సరి కాదు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం ఐ-70 మీద మోరిసన్ నుంచి డాట్‌సెరో వరకు సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా ట్రాక్షన్ రూల్ (మంచు మీద పట్టున్న టైర్లు ఉండాలనే నిబంధన) ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి టైర్ గాడి లోతు 3/16 అంగుళం ఉంటే చాలు, చెయిన్లు తప్పనిసరి కాదు. టూ వీల్ డ్రైవ్ వాళ్లకి రూల్ వేరు. తుఫాను మరీ ఎక్కువై చెయిన్ లా ప్రకటించిన రోజు సంగతి వేరు.

గ్రాండ్ జంక్షన్:
ఇద్దరూ టైర్ లోతు దగ్గర ఆగారు, టైర్ రకం చూడాలి. మడ్ టెరైన్ టైర్లు చూడ్డానికి భీకరంగా ఉంటాయి, ఐసు మీద అంత పట్టు ఉండదు. టైర్ పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉన్న ఆల్ టెరైన్ తీసుకో తమ్ముడూ.

డెన్వర్ కొత్త:
అందరికీ చాలా థాంక్స్. క్రెడిట్ యూనియన్‌లో అడిగాను, మా వీసా గడువుకి లోబడి లోన్ ఇస్తామన్నారు. ఆ లెక్కతో చూస్తే ఇప్పుడు రెండే మిగిలాయి. 2022 రూబికాన్ వాడినది ఒకటి, 2024 విలీస్ వాడినది ఒకటి. ధర దాదాపు ఒకటే. రెండూ టర్బో. ఏది మంచిది?

లిటిల్టన్:
తమ్ముడూ, ఇక్కడ ట్రిమ్ కంటే మోడల్ ఇయర్ ముఖ్యం. 2024 నుంచి రాంగ్లర్‌లో ముందు, వెనక సీట్లకి సైడ్ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు అన్ని ట్రిమ్‌లకీ ఇస్తున్నారు. 2022లో అవి లేవు, రూబికాన్ అయినా లేవు. ఐఐహెచ్ఎస్ (బండ్ల భద్రతని పరీక్షించే సంస్థ) వాళ్లు 2020లో బయటపెట్టిన క్రాష్ పరీక్షలో 2022, 2024 రెండూ చెందిన ఈ తరం రాంగ్లర్ ముందు మూల గుద్దుకున్నాక పక్కకి పడిపోయింది. నేను నీ పాప వయసు పిల్లల్ని ఇన్నేళ్లు వెనక సీట్లో తిప్పినదాన్ని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. 2024 తీసుకో.

గ్రాండ్ జంక్షన్:
ఎయిర్‌బ్యాగ్ విషయంలో అమ్మాయి మాట కాదనలేను. పాప ఉంది కాబట్టి 2024 విలీస్‌కే వెళ్లు. 4:1 ఉండదు, ముందు లాకర్ ఉండదు, స్వే బార్ బటన్ ఉండదు. ఇమోజీన్ లాంటివి నిదానంగా చూసుకోవచ్చు, బ్లాక్ బేర్ వద్దు. యూరేలో జీపులు అద్దెకిస్తారు. వేసవిలో ఒకరోజు రూబికాన్ అద్దెకి తీసుకుని తిరిగితే నీకు లేనిదేమిటో నీకే తెలుస్తుంది.

కొనేముందు ఒకటి చెయ్యి. విలీస్‌కి ముందు ఏళ్లలో లిమిటెడ్ స్లిప్ (లాకర్ అంత గట్టిగా కలపని డిఫరెన్షియల్) వచ్చేది, ఈమధ్యవాటికి వెనక లాకర్ వస్తోంది. అమ్మేవాడి మాట మీద పోకు. విన్ నంబర్ (ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య) తీసుకుని, కొత్తప్పుడు అద్దానికి అంటించిన మన్రోనీ స్టిక్కర్ కాపీ అడుగు. 1958 చట్టం వల్ల ప్రతి కొత్త కారుకీ అది ఉండాలి, ఫ్యాక్టరీలో వేసిన ప్రతి ఆప్షనూ అందులో రాసి ఉంటుంది. లాకర్, యాక్సిల్ నిష్పత్తి, ట్రాన్స్‌ఫర్ కేసు మూడూ అందులో చూసుకో.

ఆరోరా:
పాత బండి కాబట్టి కిటికీకి బయ్యర్స్ గైడ్ అనే కాగితం కూడా ఉంటుంది. యాజ్ ఈజ్ (ఉన్నది ఉన్నట్టు, వారంటీ లేకుండా) అని టిక్ ఉందా, వారంటీ అని టిక్ ఉందా చూడు. నోటితో చెప్పిన వారంటీని నమ్ముకోకు, కాగితం మీద ఉండాలి.

గ్రాండ్ జంక్షన్:
టెస్ట్ డ్రైవ్‌కి తారు రోడ్డు చాలదు, గులకరాళ్లున్న ఖాళీ జాగా దగ్గరికి తీసుకెళ్లమను. బండి నడక వేగంలో కదులుతుండగా న్యూట్రల్‌లో పెట్టి లో రేంజ్ లివర్ లాగు. కరకరమనకుండా పడాలి. తర్వాత వెనక లాకర్ స్విచ్ నొక్కి కొంచెం ముందుకి పోనివ్వు. దీపం మొదట మిణుకుమంటుంది, లాకర్ పడ్డాక నిలకడగా వెలగాలి. మిణుకుతూనే ఉండిపోతే ఆ బండి వదిలెయ్. చివర్లో కింద పడుకుని స్కిడ్ ప్లేట్లు (అడుగు భాగాన్ని రాళ్ల నుంచి కాపాడే రేకులు), ట్రాన్స్‌ఫర్ కేసు అడుగు టార్చ్‌తో చూడు. గీతలుంటే పరవాలేదు, సొట్టలుంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.