ఇంటి ముందు నీరు ఇంకే రాళ్ళు పరిస్తే ఇంగ్లండులో ప్రభుత్వం డబ్బు ఇస్తుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మేము రెడింగ్‌లో ఇల్లు కొన్నాము. ముందున్న గడ్డి తీసేసి, రెండు కార్లు పట్టేలా సుమారు 30 చదరపు మీటర్లలో రాళ్ళు పరిపించాలని ఉంది. నీరు ఇంకే రకం వేస్తే ప్రభుత్వ సాయం అందుతుందని స్నేహితులు చెబుతున్నారు. కాంట్రాక్టరేమో మామూలు రాళ్ళే చవక అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పని మొదలుపెట్టక ముందే అడిగి మంచి పని చేశారు. ఇంగ్లండు అంతటికీ వర్తించే నగదు సాయం లేదండీ. లాభం వేరే దారిలో వస్తుంది. 2007 వేసవి వరదల తర్వాత, 2008 అక్టోబరు 1 నుంచి నిబంధన మారింది. ఇంటి ముందు 5 చదరపు మీటర్లకు మించి నీరు ఇంకని నేల వేస్తే స్థానిక కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నుంచి ప్లానింగ్ అనుమతి కావాలి. ఇంకే రకమైతే అక్కరలేదు. దరఖాస్తు రుసుము, వారాల నిరీక్షణ రెండూ తప్పుతాయి. మామూలు రాళ్ళే వేసినా, వాన నీటిని మీ స్థలంలోని గడ్డిలోకో పూల మడిలోకో మళ్ళిస్తే అప్పుడూ అనుమతి అవసరం లేదు. మీ కాంట్రాక్టరు చెప్పే చవకలో ఈ సంగతులు కలిపారో లేదో అడగండి.

అసలు జాగ్రత్త పడవలసింది రాళ్ళ కింద. మా ఇంటి పనిలో లారీ దింపిన కంకరను గుప్పెడు తీసి చూస్తే, తడి రాతిపొడి వేళ్ళకు బురదలా అంటింది. అలాంటి కంకరను దిమ్మిస కొట్టారంటే గట్టిపడిపోతుంది. ఇక పైన ఎంత ఖరీదైన రాళ్ళున్నా నీరు దిగదు. నేను వెంటనే వెనక్కి పంపించాను. పొడి లేకుండా జల్లించిన 4 నుంచి 20 మిల్లీమీటర్ల కంకర కావాలని, రాళ్ళ సందుల్లో ఇసుకకు బదులు 2 నుంచి 6 మిల్లీమీటర్ల రాతి ముక్కలు నింపాలని అంచనా పత్రంలోనే రాయించుకోండి. మీది బంకమట్టి నేల అయితే నీరు నిదానంగా ఇంకుతుంది కాబట్టి కంకర మందం పెంచాల్సి వస్తుంది. ఆ లెక్క కూడా ముందే అడగండి.

ప్రశ్న: చాలా సాయం చేశారండీ. నీటి బిల్లు కూడా తగ్గుతుందా?

మరొకరి జవాబు: తగ్గవచ్చండీ, కానీ రాళ్ళు మార్చినంత మాత్రాన కాదు. బిల్లులో వాన నీటి పారుదలకు విడిగా రుసుము ఉంటుంది. మీ స్థలంలో పడిన వాన నీరు, పైకప్పు మీదిది సహా, ప్రజా మురుగు కాలువలోకి పోవడం లేదని చూపిస్తే నీటి కంపెనీ దాన్ని తగ్గిస్తుంది. అంటే పైకప్పు గొట్టాన్ని ఇంకుడు గుంతకు కలపాలి. మన ఊళ్ళలో తవ్వేలాంటిదే. ఇంటి గోడకు కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి. మరో మాట: కారు ఎక్కడానికి కాలిబాట అంచును దించాలంటే కౌన్సిల్ అనుమతి వేరే తీసుకోవాలి. నీరు ఇంకే రాళ్ళు వేశామన్నా అది తప్పదు.

ప్రశ్న: పైకప్పు గొట్టం ఎటు పోతుందో ఈ శనివారమే చూస్తాము. కంకర గురించి కాంట్రాక్టరుకు ఇప్పుడే సందేశం పంపాను.