ఎమ్మెట్ కేసును కరన్ వదులుకోవడం పిరికితనమా?

వకాల్తా:
1790లలో డబ్లిన్‌లో ప్రభుత్వం ఎవరి మీద కేసు పెట్టినా జనం పరిగెత్తింది లాయరు జాన్ ఫిల్పాట్ కరన్ దగ్గరికే. 1794లో హామిల్టన్ రోవన్, 1798లో షియర్స్ సోదరులు, ఎవరికీ కాదనలేదు. 1803లో ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు చేసి దొరికిపోయిన రాబర్ట్ ఎమ్మెట్ వకాల్తా మాత్రం వదులుకున్నాడు. ఎమ్మెట్, కరన్ కూతురు సారా ప్రేమించుకున్నారు. మూడేళ్లు తిరక్కుండానే, 1806లో, కరన్‌కు మాస్టర్ ఆఫ్ ద రోల్స్ అనే పెద్ద జడ్జి పదవి. దీన్ని పిరికితనం అనక ఏమనాలి?

గ్రీన్‌స్ట్రీట్:
పదవికీ దీనికీ ముడిపెట్టకండి. 1803లో ఉన్నది ఆడింగ్టన్ ప్రభుత్వం. 1806లో ప్రధాని పిట్ చనిపోయాక కరన్ వైపువాళ్లయిన విగ్ పార్టీవాళ్లు గద్దెనెక్కి, తమవాడికి ఇచ్చుకున్నారు.

తేదీలు చూడండి. సెప్టెంబర్ 1న అదే తిరుగుబాటు కేసులో ఓవెన్ కిర్వన్ అనే దర్జీ తరఫున వాదించింది కరనే. మరో వారానికి ఎమ్మెట్ జైల్లోంచి సారాకు రాసిన ఉత్తరం అధికారులకు చిక్కింది. రాత్‌ఫార్నమ్‌లోని కరన్ ఇల్లు ప్రయరీని సోదా చేశారు. కూతురి ఉత్తరాలు ప్రాసిక్యూషన్ చేతిలో ఉండగా ఏ లాయరు సాక్షుల్ని క్రాస్ ఎగ్జామిన్ చెయ్యడానికి లేస్తాడు? తననే సాక్షిగా పిలిస్తే?

వకాల్తా:
కిర్వన్ కేసులోనే ఆయన తిరుగుబాటును తిట్టిపోశాడు కదండీ. భయం అప్పటికే పట్టుకుంది.

పాతరికార్డు:
తిట్టాడు, నిజమే. జులై 23 రాత్రి థామస్ స్ట్రీట్‌లో జనం బండిలోంచి లాగి బల్లేలతో పొడిచింది లార్డ్ కిల్వార్డెన్‌ని. 1798లో తిరుగుబాటు నాయకుడు వుల్ఫ్ టోన్ ఉరి ఆపమని కరన్ హేబియస్ కార్పస్ (ఖైదీని కోర్టు ముందుకు తెమ్మనే ఉత్తర్వు) అడిగితే అక్కడికక్కడే ఇచ్చిన జడ్జి ఆయన! కరన్‌కు మండదా?

ఇక పిరికితనం అంటారా? ముసలి ఫాదర్ నీల్‌ను లార్డ్ డోనరేల్ కొరడాతో కొడితే, 1780లో ఆ ప్రభువు మీద కేసు పట్టి 30 గినీలు రాబట్టాడు. దాని వెంటే ఆ ప్రభువు బంధువు సెయింట్ లెజర్‌తో పిస్తోలు ద్వంద్వం. 1785లో ఫిట్జ్‌గిబన్‌తో ఇంకొకటి. అతను 1789లో లార్డ్ ఛాన్సలర్, అంటే ఛాన్సరీ కోర్టు పెద్ద జడ్జి, కాగానే కరన్‌కు ఛాన్సరీ కోర్టు ప్రాక్టీసు పోయింది. జడ్జికి పడని లాయర్ని ఏ క్లయింటు పెట్టుకుంటాడు?

గ్రీన్‌స్ట్రీట్:
కరన్ ఉన్నా ఫలితం మారేది కాదు. సెప్టెంబర్ 19న ఎమ్మెట్ తన తరఫున ఒక్క సాక్షిని పిలవలేదు, డిఫెన్స్ ప్రసంగమూ వద్దన్నాడు. అవతల మాట్లాడనప్పుడు ప్రాసిక్యూషన్‌కు మళ్లీ చెప్పేదేముంటుంది? అయినా ప్రాసిక్యూషన్ లాయరు ప్లంకెట్ లేచి దంచాడు. జ్యూరీ బోను దాటకుండానే తీర్పు చెప్పింది, మర్నాడే ఉరి. ఇంతా చేసి డిఫెన్స్ లాయర్లలో ఒకడు లెనార్డ్ మెక్‌నాలీ, ప్రభుత్వం దగ్గర రహస్యంగా జీతం తిన్నవాడు. 1820లో అతను పోయాక వారసులు ఆ పింఛను అడగబోతే గాని బయటపడలేదు. మీ కోపం అటు తిప్పండి.

వకాల్తా:
మెక్‌నాలీ విషయం ఒప్పుకుంటాను. కానీ సారాను ఇంట్లోంచి పంపేసింది తండ్రే. కార్క్‌లో పెన్‌రోజ్ కుటుంబం చేరదీసింది. దానికి ఏ కోర్టు నియమం అడ్డొచ్చిందో చెప్పండి.