అడెల్ ‘21’ పాటలు అడెల్‌వేనా? మన శ్రవణ సమావేశానికి ఆ ఆల్బమ్ తగునా?

కాజీపేట శ్రోత (చర్చ ప్రారంభం)

హన్మకొండలో జరుపుకోబోయే శ్రవణ సమావేశానికి ‘తన పాటను తానే కట్టుకొని పాడినవారు’ అన్న అంశాన్ని అందరం కలిసి ఎంచుకున్నాం. ఆ జాబితాలో బ్రిటిష్ గాయని అడెల్ రెండో ఆల్బమ్ ‘21’ను చేర్చడం పట్ల నాకు అభ్యంతరం ఉంది. 2011 జనవరిలో విడుదలై, అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో 24 వారాలు, బ్రిటన్‌లో 23 వారాలు మొదటి స్థానంలో నిలిచి, 3 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన ఆల్బమ్‌ను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. నా అభ్యంతరమంతా రచన గురించే. ఇందులోని 11 పాటల్లో ఒకటి ‘ద క్యూర్’ అనే బ్రిటిష్ రాక్ బృందానిది. మిగిలిన పదింటిలో ఆమె ఒంటరిగా రాసిన పాట ఒక్కటి కూడా లేదు. 2008లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘19’లోనైతే దాదాపు సగం పాటలకు ఆమె ఒక్కరే రచయిత. ‘హోమ్‌టౌన్ గ్లోరీ’ని పదహారేళ్ల వయసులో ఎవరి తోడూ లేకుండా రాసుకున్నారు. మన అంశానికి న్యాయం జరగాలంటే ‘19’ను వినిపించాలి.

నక్కలగుట్ట నుంచి

సార్ మాటతో ఏకీభవిస్తున్నాను. ‘రోలింగ్ ఇన్ ది డీప్’ సంగతే చూడండి. ప్రేమ తెగిపోయిన వెంటనే సంగీత నిర్మాత పాల్ ఎప్‌వర్త్ దగ్గరకు వెళ్లిన అడెల్, నెమ్మదిగా సాగే విషాద గీతం రాయాలనుకున్నారు. ఆమెను ఆవేశం వైపు మళ్లించినది ఎప్‌వర్త్. ఆల్బమ్‌కు తలవాకిలి వంటి పాట స్వభావాన్నే మరొకరు నిర్ణయించినప్పుడు, దానిని ఆమె సొంత పాటగా పరిచయం చేయడం సబబుగా ఉండదు.

పరకాల ఉపాధ్యాయురాలు

కాజీపేట సార్ చెప్పిన లెక్కలన్నీ సరైనవే; వాటితో నాకు పేచీ లేదు. అయితే పాట కట్టేటప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారన్న ఒక్క విషయంతో ఆ పాట ఎవరిదో తేలిపోదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ ఆల్బమ్‌లో ఎప్‌వర్త్, డాన్ విల్సన్, రయాన్ టెడర్, ఫ్రేజర్ టి. స్మిత్, ఎగ్ వైట్, గ్రెగ్ వెల్స్ అనే ఆరుగురు సహరచయితలు ఉన్నారు. విల్సన్ రాక్ బృందం నడిపినవారు, టెడర్ ‘వన్ రిపబ్లిక్’ బృందం గాయకుడు; ఎవరి పద్ధతి వారిది. ఇన్ని చేతులు పడిన ఆల్బమ్ అతుకులబొంతలా తయారై ఉండాలి. కాని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరుసగా వినండి. ఒకే మనిషి, ఒకే వియోగం గురించి, ఒకచోట నిప్పులు చెరుగుతూ, మరొకచోట తప్పు తనలోనూ ఉందేమోనని వెనక్కి చూసుకుంటూ, చివరకు అతడు వేరొకరిని పెళ్లాడిన సంగతి తెలిసి మేలు కోరుతూ మాట్లాడుతున్నట్టే వినిపిస్తుంది. పాట పాటకూ పక్కనున్నవారు మారారు, ఆమె ఒక్కరే మారలేదు. అన్ని పాటల్లోనూ సమానంగా కనిపించే ఆ గుణం ఆమెది కాకపోతే మరెవరిదవుతుంది?

‘సమ్‌వన్ లైక్ యూ’ పుట్టుకను చూస్తే ఇది మరింత తేటపడుతుంది. ఆ పాట ఎత్తుగడను ఆమె గిటార్ మీద ముందే అల్లుకొని విల్సన్ దగ్గరకు తీసుకువెళ్లారు. ఆయన దానిని పియానో మీదకు మార్చారు, ఇద్దరూ కలిసి రెండు రోజుల్లో పూర్తి చేశారు. నమూనాగా రికార్డు చేసుకున్న ఆ డెమోయే ఆల్బమ్‌లోకి వచ్చింది. అందులో డ్రమ్ములు లేవు, తీగవాద్యాల సమూహం లేదు. పియానో మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున కదులుతూ ఉంటుంది. చరణంలో మామూలుగా మాట్లాడినంత కింది స్థాయిలో ఉన్న గొంతు, పల్లవి దగ్గర ఒక్కసారిగా పైకి లేచి, అక్కడ కొద్దిగా బీటలువారుతుంది. ఆ పగులును ఏ సహరచయితా రాసి ఇవ్వలేరు. 2011 ఫిబ్రవరిలో బ్రిట్ అవార్డుల (బ్రిటన్ సంగీత పురస్కారాల) వేదికపై ఒక్క పియానో తోడుతో ఆమె ఈ పాట పాడిన తరువాతే అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది అమెరికాలోనూ చేరింది.

నక్కలగుట్ట మిత్రులు చెప్పిన ‘రోలింగ్ ఇన్ ది డీప్’లోనూ ఎప్‌వర్త్ చేసినది ఆమెలోని కోపాన్ని గుర్తించడమే. ఆ పాటలో దడదడలాడే తాళం తన గుండె చప్పుడేనని ఆమె స్వయంగా చెప్పుకున్నారు. దాని డెమోలో పాడిన తీరు మళ్లీ పట్టుబడకపోవడంతో ఆ గొంతునే ఉంచేశారు. అమెరికాలోని మాలిబులో రిక్ రూబిన్ వంటి పేరుమోసిన సంగీత నిర్మాతతో కొత్తగా రికార్డు చేసి కూడా, నాలుగింటిని మాత్రమే ఆల్బమ్‌లో నిలుపుకున్నారు. ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చుకోవడం రచనలో భాగం కాదా?

మన నేల సంగతికి వద్దాం. ఒగ్గుకథలో ప్రధాన కథకుని వెంట వంత పాడేవారు, డోలు వాయించేవారు లేకుండా కథ నడవదు. అయినా కథ ఎవరిదంటే ప్రధాన కథకుని పేరే చెబుతాం. మన ఉమ్మడి వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టిన అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’కు 2024లో కీరవాణి సంగీతం సమకూర్చినప్పుడు, ఎవరిచేత చేయించాలన్న వివాదం ఎంతగా చెలరేగినా, పాట అందెశ్రీది కాకుండా పోయిందని ఎవరూ అనలేదు.

కాజీపేట శ్రోత

అందెశ్రీ ఉదాహరణను అంగీకరించలేను, మేడమ్. ఆ పాట సాహిత్యం మొత్తం ఆయనదే, బయటివారు చేరినది సంగీతం దగ్గర మాత్రమే. అడెల్ విషయంలో మాటల్లోనూ, బాణీలోనూ సహరచయితల వాటా ఉంది. ఆ వాటా ఎంతో బయటివారికి తెలిసే వీలు లేదు. మీరు చెప్పిన ఏకత్వం పాడిన గొంతు వల్ల వచ్చినదా, రాసిన మనసు వల్ల వచ్చినదా అన్న ప్రశ్న కూడా మిగిలే ఉంది. డెమోల ఎంపిక గురించి మీరు చెప్పినది మాత్రం నేను ఇంతవరకు ఆలోచించని కోణం, అందులో బలం ఉంది.

పరకాల ఉపాధ్యాయురాలు

గొంతు వల్ల కావచ్చునన్న మీ సందేహానికి ఆ ఆల్బమ్‌లోనే పరీక్ష ఉంది, సార్. ‘ద క్యూర్’ పాటను కూడా పాడినది అదే గొంతు. అందంగానే పాడారు. కాని ఆ పాట మిగిలిన పదింటి కథలో కలవదు, పక్కన విడిగా నిలబడుతుంది. గొంతు ఒక్కటే అన్నిటినీ కలిపి ఉంచేదైతే అది కూడా కలిసిపోవాలి కదా.

అందువల్ల నా ప్రతిపాదన ఇది: ముందు ‘హోమ్‌టౌన్ గ్లోరీ’ని, ఆ తరువాత ‘సమ్‌వన్ లైక్ యూ’ను వినిపిద్దాం. ప్రతి పాటకూ ముందు సహరచయితల పేర్లను స్పష్టంగా చదువుదాం. ‘ద క్యూర్’ పాటను కూడా తప్పక వినిపిద్దాం, తేడా ఎవరి చెవికి వారికే తెలుస్తుంది.

నక్కలగుట్ట నుంచి

పేర్లు చదివే పక్షంలో నాకు అభ్యంతరం లేదు. మూడు పాటలకూ కలిపి అరగంట కేటాయిస్తే, విన్న తరువాత మాట్లాడుకోవడానికి వీలుంటుంది.