కారు సీటు మీద సాంబారు, కార్పెట్ మీద ఆవకాయ నూనె: ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. టెక్సస్‌లోని ఇర్వింగ్‌కి వచ్చి నెల కూడా కాలేదు. నిన్న పాట్‌లక్‌కి (తలా ఒక వంట తెచ్చుకునే విందుకి) తీసుకెళ్తుంటే సాంబారు గిన్నె కారు ముందు సీటు మీద ఒలికింది. గుడ్డ సీటు. అపార్ట్‌మెంట్‌లో లేత రంగు కార్పెట్ మీద ఆవకాయ నూనె కూడా పడింది. అద్దెకి కట్టిన డిపాజిట్ మీద ఆశ వదులుకోమంటున్నారు. దారి చెప్పండి.

— — —

తమ్ముడూ, కంగారుపడకు. గట్టిగా రుద్దకు, వేడినీళ్లు పోయకు, వంటసోడా జోలికి అస్సలు వెళ్లకు. దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపు, సున్నం కలిపే కదా చేస్తాం! వంటసోడా కూడా క్షారమే, పసుపు మరకని ఎర్రగా తిప్పేస్తుంది. ఇక్కడివాళ్లు ప్రతి మరకకీ సోడా చల్లమంటారు, వాళ్ల కాఫీ మరకకి అది సరే. నీకిప్పటికే ఎర్రబడి ఉంటే తెల్ల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి అద్దు, మళ్లీ పసుప్పచ్చకి వస్తుంది.

మన కూరల మరకలో నూనె వేరు, పసుపు వేరు. ముందు నూనె వదలాలి. ఎండిన పప్పు, ముక్కలు చెంచాతో అంచుల నుంచి మధ్యకి గీకి తీసెయ్. గిన్నెలు తోమే డాన్ లిక్విడ్ కొన్ని చుక్కలు కప్పు చల్లటి నీళ్లలో కలిపి, తెల్లగుడ్డ ముంచి పిండి, మరక మీద ఒత్తి తియ్యి. రంగు నాప్కిన్లు వద్దు, వాటి రంగు దిగుతుంది. గుడ్డకి నూనె అంటడం ఆగేదాకా గుడ్డ మార్చుకుంటూ ఒత్తు. తర్వాత ఉత్త నీళ్లతో సబ్బు మొత్తం లాగెయ్. సబ్బు మిగిలితే ఆ చోటే మళ్లీ దుమ్ము పట్టి నల్లబడుతుంది. ఆవకాయ నూనెకీ ఇదే పద్ధతి.

ఇక మిగిలేది పసుపు. సీవీఎస్ మందుల షాపులో, వాల్‌మార్ట్‌లో గోధుమరంగు సీసాలో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది. సీటు కింద కనపడని చోట ఒక చుక్క వేసి, ఆరాక రంగు వెలవలేదని చూసుకున్నాకే మరక మీద అద్దు. కాసేపు ఉంచి తడిగుడ్డతో తీసి, అవసరమైతే మళ్లీ అద్దు. ఉన్ని రగ్గుల మీద, సీటు బెల్టు మీద వద్దు. తర్వాత కారు తలుపు తీసి మరక మీద నేరుగా ఎండ పడేలా పెట్టు. పసుపు రంగు వెలుతురుకి నిలవదు. టెక్సస్ ఎండ నీకు ఉపకారం చేసేది ఇక్కడే.

సీటుని మాత్రం నీళ్లతో తడిపి ముద్ద చేయకు. పక్కసీటులో మనిషి కూర్చున్నదీ లేనిదీ ఎయిర్‌బ్యాగ్‌కి చెప్పే సెన్సర్ ఉంటుంది, కొన్నింట్లో వేడిచేసే తీగలూ ఉంటాయి. పైగా లోపలి స్పాంజిలోకి దిగిన మరక ఆరేటప్పుడు పైకి తేలుతుంది. పోయిందనుకున్నది తెల్లారేసరికి కనపడితే కారణం అదే. మడిచిన టవల్ వేసి దానిమీద బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తే ఆ తడి టవల్‌లోకి వస్తుంది.

పిల్లల పాలు ఒలికినా, వాంతి అయినా పద్ధతి వేరు. పెంపుడు జంతువుల సామాన్ల దగ్గర ఎంజైమ్ క్లీనర్ అమ్ముతారు, అది వాడు. వేడి తగిలితే పాల మరక గట్టిపడుతుంది.

బ్లీచ్‌ని వెనిగర్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్లతో గానీ ఎప్పుడూ కలపకు. విషవాయువు వస్తుంది. తలుపులు మూసిన కారులో అది ప్రాణాల మీదికే తెస్తుంది.

— — —

మరకల సంగతి అక్క చెప్పేశారు, నేను డిపాజిట్ గురించి చెప్తాను. టెక్సస్ చట్టం ప్రకారం ఇల్లు ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, పట్టుకున్నదానికి లెక్క రాసివ్వాలి. కొత్త అడ్రసు మీరు రాతపూర్వకంగా ఇవ్వాలి, అది మరవకండి. నడిచి నడిచి అరిగిన కార్పెట్‌కి డబ్బు పట్టకూడదు, ఒలికిన మరకకి పట్టొచ్చు. చేరేటప్పుడు ఇచ్చిన మూవ్-ఇన్ ఫారంలో పాత మరకలన్నీ రాసి, ఫొటోలు తీసి, ఈమెయిల్‌లో పంపి ఉంచుకోండి. ఫారం గడువు దాటకపోతే ఈరోజే చేయండి.

— — —

తమ్ముడూ, మా దగ్గర మరకలు తీసే బిస్సెల్ లిటిల్ గ్రీన్ మెషీన్ ఉంది. నీళ్లు చల్లి వెంటనే లాగేస్తుంది, స్పాంజిలో తడి నిలవదు. నూనె వదిలించాక, పెరాక్సైడ్‌కి ముందు ఒకసారి వాడు. ఫ్రిస్కోలో ఉంటాం, శనివారం వచ్చి తీసుకెళ్లు. ట్యాంకు కడిగి తిరిగిస్తే చాలు.